ఆఫర్ లెటర్ ఒకవైపు, రెండో కాన్పు కోసం ఎదురుచూపు మరోవైపు

ప్రశ్న: నాకు మరో మూడు నెలల్లో 35 ఏళ్లు నిండుతాయి. మాకు నాలుగేళ్ల పాప ఉంది. రెండో బిడ్డ కోసం ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాం కానీ ఇంతవరకు నెల తప్పలేదు. ఏడేళ్లుగా చేస్తున్న ఉద్యోగంలో ఎదుగుదల ఆగిపోయింది. అయితే అక్కడ నన్ను ఎరిగినవాళ్లున్నారు, పాపకు జ్వరం వస్తే ఒక మాట చెప్పి ఇంటికి వచ్చేయగలను. ఇప్పుడు మరో సంస్థ నుంచి, మెరుగైన జీతంతో, నాకు ఇష్టమైన పనికే పిలుపు వచ్చింది. అక్కడ ఆరు నెలలు ప్రొబేషన్, ఇక్కడ రెండు నెలల నోటీసు, జవాబివ్వడానికి పది రోజుల గడువు. బిడ్డ పుట్టాక చూసుకోవచ్చని కిందటేడాది ఇలాంటి అవకాశాన్నే వదులుకున్నాను. చేరిన వెంటనే గర్భం వస్తే వాళ్లను మోసగించినట్టవుతుందేమోనని బెంగగా ఉంది. మావారు ‘ఇంకా నెలే తప్పలేదు, అప్పుడే సెలవుల లెక్కలా’ అంటారు. రాత్రి పాప నిద్రపోయాక ఫోన్‌లో ఆఫర్ లెటర్ తెరిచి చదువుకోవడం, ఆ వెంటనే డైరీలో నెలసరి తేదీలు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. నేను ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది కిందటేడాది వదులుకున్న అవకాశం గురించిన వాక్యం. ఇంకా రాని గర్భం కోసం మీరు ఇప్పటికే ఒక ఉద్యోగాన్ని వదులుకున్నారు. ఇప్పుడు రెండోదాన్నీ అదే కారణంతో వదులుకుంటే, వచ్చే ఏడాది ఈ సమయానికి బిడ్డ ఒడిలో ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. ఏ ఇబ్బందీ లేని దంపతులకు సైతం, ముప్పై దాటిన తొలి ఏళ్లలో, ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం సుమారు అయిదింట ఒక వంతే. మీ అధీనంలో లేని తేదీకి మీ అధీనంలో ఉన్న నిర్ణయాన్ని ముడిపెట్టవద్దని నా అభిప్రాయం. ఉద్యోగాన్ని ఉద్యోగంగానే తూచండి, గర్భం విషయంలో మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్లడం ఆలస్యం చేయకండి.

మీవారి మాటలో కొంత నిజం ఉన్నా, సెలవుల లెక్క వేసుకోవడం తొందరపాటేమీ కాదు. మీ డైరీ తెరిచి నాతోపాటు లెక్కపెట్టండి. ఈ నెలలోనే గర్భం నిలిచిందనుకుందాం. రెండు నెలల నోటీసు ముగించుకుని కొత్త చోట చేరేసరికి మూడో నెల నడుస్తుంటుంది, ప్రొబేషన్ పూర్తయ్యేసరికి ఎనిమిది నెలలు నిండుతాయి, కాన్పు నాటికి అక్కడ మీ సర్వీసు ఏడు నెలలు మాత్రమే. అదే మరో ఆరు నెలలు ఆగి నిలిస్తే, కాన్పు నాటికి అక్కడ ఏడాది దాటిపోతుంది. జీతంతో కూడిన ప్రసూతి సెలవుకు ముందుగా ఎంత కాలం పనిచేసి ఉండాలన్న నియమం ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటుంది. కొన్నిచోట్ల సుమారు మూడు నెలల పని చాలు, మరికొన్నిచోట్ల ఏడాది నిండాలి. మూడు నెలలు చాలన్నచోట మీకు ఏ గర్భమూ ఇబ్బంది కాదు, ఏడాది కావాలన్నచోట రాబోయే అయిదు నెలల్లో నిలిచే గర్భానికి మాత్రమే ఇబ్బంది. ఇన్ని రోజులుగా మిమ్మల్ని నిద్రపోనివ్వని భయం అసలు పరిమాణం ఇంతే.

కనుక సంతకానికి ముందు ఈ నియమం మీకు ఎలా వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. అందుకు మీ ప్రయత్నం గురించి ఎవరికీ చెప్పనవసరం లేదు. సెలవుల విధానం, ఆరోగ్య బీమా, ప్రొబేషన్ నిబంధనల పూర్తి ప్రతిని పంపమని అడగడం ఉద్యోగంలో చేరే ఎవరైనా చేసే పనే. బీమా కాగితాల్లో ప్రసూతి ఖర్చులకు వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించడానికి ముందు ఆగాల్సిన కాలం) ఉందా, సంతాన చికిత్స వర్తిస్తుందా అన్నవి ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే జీతంలో పెరిగిన మొత్తం ఒక్కోసారి ఆ ఖర్చుకే సరిపోతుంది. పాపకు జ్వరం వచ్చిన రోజున ఇంటికి రాగలరా అన్న ప్రశ్నకు కాగితంలో జవాబు దొరకదు. అదే విభాగంలో పనిచేస్తున్న ఒక తల్లితో పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇప్పించమని అడగండి. నా దృష్టిలో ప్రసూతి సెలవు కంటే ఇదే పెద్ద విషయం, ఆ సెలవు కొన్ని నెలల్లో అయిపోతుంది కానీ పిల్లలకు జ్వరాలు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి.

మోసం అన్న మాటను మాత్రం మనసులోంచి తీసేయండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నానని యజమానికి చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన 183వ ఒడంబడిక, దాన్ని ధ్రువీకరించిన దేశాల్లో, కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఉండాలంటుంది. కొన్ని ప్రత్యేక పనులకు తప్ప ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు గర్భ పరీక్ష అడగకూడదంటుంది. గర్భంతోనో కాన్పుతోనో సంబంధం లేని కారణంతోనే తొలగించానని నిరూపించుకునే భారాన్ని యజమాని మీదే పెడుతుంది. అయినా ప్రొబేషన్‌లో ఉన్నవారిని వేరే సాకుతో పంపేయడం తేలికన్నది నిజం. అందుకే ఆ ఆరు నెలల్లో మీ పనిని మెచ్చుకుంటూ వచ్చిన ప్రతి మెయిల్‌నూ భద్రపరచుకోండి, కొన్ని నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోండి.

ఇక డాక్టరు సంగతి. 35 లోపువారు ఏడాది ప్రయత్నించాక, 35 దాటినవారు ఆరు నెలల తర్వాత పరీక్షలకు వెళ్లాలన్నది వైద్యుల సాధారణ సలహా. మీరు సరిగ్గా ఆ సరిహద్దులో ఉన్నారు, ఎనిమిది నెలలు ఇప్పటికే గడిచాయి, కాబట్టి ఉద్యోగ నిర్ణయం ఏదైనా సరే ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మొదటి బిడ్డ సులువుగా పుట్టింది కదా అని ఆగిపోయేవారు చాలామంది ఉన్నారు. ఒక కాన్పు తర్వాత రెండోసారి గర్భం నిలవకపోవడం అరుదేమీ కాదు. మొదలుపెట్టకపోతే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వెంటనే మొదలుపెట్టండి, బిడ్డ వెన్నుపాముకు ఆధారమయ్యే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి ఇప్పుడిప్పుడే తెలిసి ఉంటుంది. కొత్త పనిలో రాత్రి షిఫ్టులు, రసాయనాలు, రేడియేషన్ వంటివి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

మీ ఉత్తరమంతా మీ తేదీలు, మీ సెలవులు, మీ బెంగ గురించే ఉంది. మీవారి సెలవుల గురించి, ఆయన పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. వీర్య పరీక్ష అన్నింటికంటే సులువైనది, మొదట్లోనే చేయించవలసినది. వీర్యకణాలు తయారవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది కాబట్టి, పొగ మానడం వంటి మార్పు ఈరోజు మొదలుపెట్టినా దాని ఫలితం అప్పటికి గానీ కనిపించదు. ఈ రాత్రి పాప నిద్రపోయాక ఆఫర్ లెటర్‌నూ డైరీనీ ఆయన ముందు కలిపి పెట్టండి. కాన్పు తర్వాతి నెలల్లో ఆయన ఎన్ని రోజులు ఇంట్లో ఉండగలరో, పాపను ఉదయం ఎవరు తయారుచేస్తారో ఆయనే స్వయంగా ఆ డైరీలో రాయాలి. ఆ పేజీ నిండాక, కొత్త సంస్థ పంపిన కాగితాల్లో పైన చెప్పిన అడ్డంకులేవీ లేకపోతే, ఆ ఉద్యోగంలో చేరమనే నేను చెబుతాను.