వేవిళ్లు తగ్గాయి, దిగులు తగ్గలేదు
పాఠకుల ప్రశ్నలకు స్త్రీవైద్య నిపుణురాలు, కౌన్సెలర్ కలిసి ఇచ్చిన జవాబులు

ప్రశ్న: నాకిప్పుడు 19వ వారం. తొలిచూలు. వాంతులు పోయాయి, అన్నం సయిస్తోంది. ఇక హాయిగా ఉండమంటున్నారు అందరూ. నాకేమో పొద్దున ఉత్సాహంగా ఉంటుంది, సాయంత్రానికి ఏడుపొస్తుంది. బిడ్డ మీద ప్రేమే పుట్టడం లేదేమో అనిపిస్తుంది. ఆస్పత్రిలో పరిచయమైన ఇద్దరికి 17వ వారంలోనే కదలికలు తెలిశాయట. నాకు ఇంకా ఏమీ లేదు. నాలో ఏదైనా లోపముందా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు కదలికల సంగతి తేల్చేద్దాం. మీ దిగుల్లో సగం అక్కడే ఉన్నట్టుంది. తొలిచూలు వాళ్లకు కదలికలు సాధారణంగా 18-20 వారాల మధ్య తెలుస్తాయి. కొందరికి 22 దాటాక గాని తెలియవు. రెండో కాన్పు వాళ్లు 16 వారాలకే గుర్తుపడతారు, ఎందుకంటే ఆ కదలిక ఎలా ఉంటుందో వాళ్లకు ముందే తెలుసు. మీకు చెప్పిన ఆ ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో కాన్పేమో అడిగి చూడండి. ఇంకో కారణం మాయ ఉన్న చోటు. అది గర్భసంచి ముందు గోడకు ఉంటే బిడ్డకూ మీ పొట్టకూ మధ్య దిండులా అడ్డుపడుతుంది. బిడ్డ కదులుతూనే ఉంటుంది, మీకు తెలియదు. మాయ ఎక్కడుందో స్కాన్ రిపోర్టులో రాసి ఉంటుంది. మొదట్లో వచ్చేది తన్ను కాదు, కడుపులో గ్యాస్ కదిలినట్టు ఉంటుంది. చాలామంది దాన్ని అజీర్తి అనుకుని వదిలేస్తారు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి. కదలికలు లెక్కపెట్టే పని 28 వారాల దాకా పెట్టుకోకండి. ఇప్పుడు అవి ఒక వరసలో రావు, లెక్కపెడితే కంగారే మిగులుతుంది.

ఇక మనసు సంగతి. మొదటి మూడు నెలలూ వాంతులతో, ‘నిలుస్తుందా’ అన్న భయంతో గడిచిపోతాయి. నాలుగో నెల దాటాక ఒళ్లు కాస్త తేలికపడుతుంది. అప్పటిదాకా పక్కకు నెట్టిన ఆలోచనలన్నీ అప్పుడే ముందుకొస్తాయి. ఉద్యోగం ఏమవుతుంది, పురుడు ఎక్కడ, డబ్బు సరిపోతుందా, ఈ శరీరం మళ్లీ నాదిగా ఉంటుందా! పైగా పొట్ట కనిపించడం మొదలవగానే ఊరందరికీ మాట్లాడే హక్కు వచ్చేస్తుంది. సంతోషం, భయం, విసుగు ఒకే రోజులో రావడానికి ఇవి చాలు. బిడ్డ మీద మమకారం కొందరికి మొదటి కదలికతో వస్తుంది, కొందరికి పురిట్లో వస్తుంది, కొందరికి పాలిస్తూ పాలిస్తూ వారాల మీద వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు తక్కువ తల్లులేం కారు.

అయితే ఒక గీత ఉంది. ఊగిసలాట వేరు, కుంగుబాటు వేరు. ఊగిసలాటలో మంచి గంటలు కూడా ఉంటాయి. రెండు వారాలుగా దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటే, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోకపోతే, పడుకునే వీలున్నా నిద్ర రాకపోతే అది వైద్యం చేయాల్సిన విషయం. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే చెప్పాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. చెకప్‌లో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ మందగించినా నీరసం, ఏడుపు, మతిమరుపు వస్తాయి. ఆ రెండూ దిగులు వేషంలోనే కనిపిస్తాయి. ఇదివరకే దిగులుకు మాత్రలు వాడుతున్నవాళ్లు గర్భం వచ్చిందని తమంతట తాము మానేయడం మేము తరచూ చూసే పొరపాటు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఏ మందు కొనసాగించాలో, ఏది మార్చాలో డాక్టరే చెప్పాలి.

ప్రశ్న: పోయిన ఏడు 9వ వారంలో గర్భం పోయింది. ఇప్పుడు 18వ వారం. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసేది) అయ్యేదాకా సంతోషపడకూడదని గట్టిగా పట్టుకుని ఉన్నాను. సీమంతం మాట ఎత్తితే కోపం వస్తోంది. నాతోపాటు చెకప్‌కు వచ్చేవాళ్లు చిన్న చిన్న బట్టలు చూపిస్తుంటే లేచి వెళ్లిపోతున్నాను.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా సంతోషపడకపోతే దెబ్బ చిన్నగా తగులుతుందని మనసు వేసే లెక్క అది. ఆ లెక్క పనిచేయదు. నష్టం జరిగితే బాధ అంతే ఉంటుంది, జరగకపోతే ఈ నెలలు వృథా అవుతాయి. అంత తొందరగా పోయిన గర్భాల్లో ఎక్కువ భాగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోయేవే. మీరు బరువు ఎత్తినందుకో, ప్రయాణం చేసినందుకో కాదు. ఒకసారి అలా పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతి కాన్పు మామూలుగానే జరుగుతుంది.

టిఫా 18-22 వారాల మధ్య చేస్తారు. మీరు 19-20లో పెట్టుకోండి. ఏదైనా తేడా కనిపిస్తే గుండె స్కాన్‌కో, ఉమ్మనీటి పరీక్షకో, మరో నిపుణుల అభిప్రాయానికో వ్యవధి కావాలి. ఒకవేళ గర్భం తీయించుకోవాల్సి వస్తే, 2021లో మార్చిన చట్టం ప్రకారం 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20-24 మధ్య కొన్ని కేసులకే, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే వీలు. ఆ తర్వాత బిడ్డకు తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. స్కాన్‌లో తల, పెదవి, వెన్ను, గుండె గదులు, మూత్రపిండాలు, కాళ్లు చేతులు, మాయ, ఉమ్మనీరు చూస్తారు. బిడ్డ బోర్లా తిరిగి ఉంటే కాసేపు నడిచి రమ్మంటారు. అది చెడ్డ కబురు కాదు, చూడాల్సిన భాగం కనిపించలేదంతే. రిపోర్టులో ‘గుండెలో తెల్లటి చుక్క’ లాంటి మాటలు ఉంటే రాత్రి ఫోన్‌లో వెతక్కండి. మిగతా అంతా మామూలుగా ఉంటే వాటిలో చాలావాటికి అర్థం ఏమీ ఉండదు. డాక్టరును అడగాల్సింది మూడే: ఇది ఒక్కటే ఉందా, ఇంకేవైనా ఉన్నాయా? మళ్లీ ఎప్పుడు చూడాలి? దీనికి వేరే పరీక్ష అవసరమా? జవాబులు కాగితం మీద రాసుకోవడానికి వెంట ఒక మనిషిని తీసుకెళ్లండి.

సీమంతానికి తొమ్మిదో నెల దాకా వ్యవధి ఉంది. ‘స్కాన్ అయ్యాక ముహూర్తం చూద్దాం’ అంటే పెద్దవాళ్లు నొచ్చుకోరు. చెకప్ దగ్గర కలిసేవాళ్లలో ఒక్కరికి మాత్రం మీ సంగతి చెప్పండి. అందరికీ అక్కర్లేదు. బట్టల కబుర్లు మొదలైనప్పుడు మాట మార్చడానికి ఆ ఒక్కరు చాలు.

ప్రశ్న: మేం ఎనిమిదిమంది గర్భిణులం. అందరికీ డేట్లు రెండు నెలల తేడాలోనే. ఒకే ఆస్పత్రికి వెళ్తాం. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, కాని అందులో భయాలే ఎక్కువయ్యాయి. నేరుగా కలుసుకోవాలని ఉంది. ఎలా నడపాలి? నిజంగా ఉపయోగం ఉంటుందా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉంటుంది, నడిపే తీరు బాగుంటే. జార్ఖండ్, ఒడిశా పల్లెల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ల బృందాలతో చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. నెలకోసారి కూడేవారు. నడిపింది డాక్టర్లు కాదు, ఆ ఊళ్ల ఆడవాళ్లే. బొమ్మల కార్డులతో, కథలతో తల్లీబిడ్డల సమస్యలు మాట్లాడుకుని, వాటిలో ముఖ్యమైనవి తామే ఎంచుకుని, పరిష్కారం తామే పెట్టుకున్నారు. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, బృందాలు లేని చోట్లతో పోలిస్తే రెండో, మూడో ఏడాదుల్లో నవజాత శిశువుల మరణాలు 45 శాతం తక్కువ. తల్లుల కుంగుబాటు మీద మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు గాని, మూడో ఏడాదిలో ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. ఒక్క సమావేశంతో జరిగేది కాదు, పదే పదే కూడితేనే.

ఎనిమిది సరైన సంఖ్య. పన్నెండు దాటితే మాట అందరికీ రాదు. చెకప్ ఉన్న రోజే, 15 రోజులకోసారి, గంటంబావుకు మించకుండా కలవండి. ప్రయాణం రెండుసార్లు కాకుండా ఉంటుంది. ఆనుకునే కుర్చీలు, దగ్గర్లో బాత్రూమ్, నీళ్లు ఉండాలి. ఆరో నెల దాటినవాళ్లను నేల మీద గంటసేపు కూర్చోబెడితే నడుం పట్టేసి వచ్చేసారి రారు. నడిపే పని ప్రతిసారీ ఒకే మనిషిది కాకూడదు, వంతులు వేసుకోండి.

మొదటి అరగంట ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ‘ఈ పదిహేను రోజుల్లో ఏది బాగుంది, ఏది కష్టమైంది?’ అన్నదే ప్రశ్న. మధ్యలో ఎవరూ అందుకోకూడదు. చెప్పడం ఇష్టం లేనివాళ్లు ‘ఈసారి వద్దు’ అంటే కారణం అడగకూడదు. చెప్పడం అయ్యాక పక్కనున్నవాళ్లు ఒక్క మాట అడగాలి: ‘సలహా కావాలా, వింటే చాలా?’ గుంపులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు భయం చెప్పగానే మిగతా ఏడుగురూ ఏడు సలహాలు కుమ్మరిస్తారు. చెప్పినామె ఇంకోసారి నోరు విప్పదు.

తర్వాత అరగంట ఒకే విషయం. ఒకసారి పురిటి ఖర్చు, ఇంకోసారి నిద్ర, మరోసారి ఆఫీసు సెలవు. చట్టం వర్తించే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఈ సంగతి తెలియక చివరి రోజు దాకా బస్సుల్లో నిలబడి వెళ్లేవాళ్లున్నారు. ఆస్పత్రి నర్సును నెలకోసారి పది నిమిషాలు పిలిస్తే మందుల సందేహాలు అక్కడే తీరిపోతాయి.

గ్రూపులో రిపోర్టుల ఫొటోలు, మాత్రల పేర్లు పెట్టకండి. ఒకరికి రాసిన ప్రొజెస్టిరాన్ మాత్ర ‘నాకెందుకు రాయలేదు’ అని ఇంకొకరు కొనుక్కుని వేసుకోవడం జరిగే పనే. పొట్ట చూసి ఆడో మగో చెప్పడం వద్దు. రాత్రి పది తర్వాత మెసేజ్‌లు ఆపండి. రక్తస్రావం, నీరు పోవడం, విడవని తలనొప్పితో చూపు మసకబారడం, మొహం వాపు, ఆగి ఆగి వచ్చే పొట్ట బిగింపు - ఇలాంటివాటికి గ్రూపులో జవాబు వెతకకూడదు, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. ఈ ఒక్క మాటను గ్రూపు పైభాగాన అతికించి ఉంచండి.

అందరూ తప్పించుకునే విషయం ఒకటుంది. ఎనిమిదిమందిలో ఒకరికి నష్టం జరగవచ్చు, నెలలు నిండకుండా పుట్టవచ్చు. మొదటి సమావేశంలోనే మాట్లాడుకోండి, శకునం అనుకోకుండా. అలా జరిగితే ఫోన్ చేయడానికి ఇద్దరిని ముందే ఎంచుకోండి. ఆమెను అడగకుండా గ్రూపులోంచి తీసేయకండి, అది రెండో దెబ్బ. ‘ఉండాలనుందా, కొన్నాళ్లు వద్దా?’ అని ఆ ఇద్దరిలో ఒకరు అడగాలి. ‘మళ్లీ పుడతారులే’ అనొద్దు. ‘రేపు అన్నం పంపిస్తాం, ఎన్నింటికి పంపమంటావు?’ అనండి. మిగతావాళ్లకు ఆ వారం భయం పెరుగుతుంది, తమకేం కాలేదన్న ఊరటా కలుగుతుంది, ఆ ఊరటకు సిగ్గూ వేస్తుంది. ఆ మూడింటినీ పైకి చెప్పుకోవడానికే తర్వాతి సమావేశం.

ప్రశ్న: మా కోడలికి ఆరో నెల. ఫోన్‌లో తోటివాళ్ల పొట్టల ఫొటోలు చూసుకుని తనది చిన్నదని ఏడుస్తోంది. ఫోన్ తీసేసుకోనా?
- ఒక అత్తగారు, తణుకు

జవాబు: తీసుకోవద్దండీ. దిగులుతో పాటు ఒంటరితనం కూడా వస్తుంది. పొట్ట సైజు ఎత్తును బట్టి, పొట్ట కండరాల బిగువును బట్టి, బిడ్డ ఉన్న తీరును బట్టి కనిపిస్తుంది. డాక్టరు టేపుతో గర్భసంచి ఎత్తు కొలిచేది దానికే. 24వ వారం నుంచి ఆ కొలత సెంటీమీటర్లలో దాదాపు వారాల సంఖ్యంత ఉంటుంది, రెండు అటూ ఇటూ ఫర్వాలేదు. ఆ అంకె ఎంతో ఈసారి చెకప్‌లో కోడల్నే అడగమనండి. ఫొటోలు ఇవ్వలేని ధైర్యం అది ఇస్తుంది. మామూలు బరువున్న మనిషి ఈ నెలల్లో వారానికి అర కిలో లోపు పెరిగితే చాలు.

మీరు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. మధ్య రెండు గంటలైనా ఉండాలి. ఐరన్‌కు ముందూ వెనకా గంట టీ, కాఫీ వద్దు, నిమ్మరసమో జామకాయో మంచిది. విరేచనం నల్లగా అయితే భయపడి మానేస్తారు, అది మాత్ర వల్లే. 24-28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే సుగర్ పరీక్ష గుర్తుచేయండి. ఇక పేరంటానికి వచ్చి ‘ఇంతే ఉందేంటి పొట్ట’ అనేవాళ్లకు మీరే అడ్డుపడండి. ఎదురు మాట కోడలు అంటే పొగరంటారు, మీరు అంటే మాట్లాడరు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. 22వ వారం. అమ్మ వీసా పురిటి సమయానికి గాని కుదరదు. ఆయన ఆఫీసుకు వెళ్లాక మాట్లాడే దిక్కు లేదు.
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ ఆస్పత్రిలో కాన్పు క్లాసులుంటే ఏడో నెల దాకా ఆగకుండా ఇప్పుడే పేరు రాయించుకోండి. మీ డేట్లకు దగ్గరగా ఉన్నవాళ్లు దొరికేది అక్కడే. తెలుగు సంఘం పండగలకు వెళ్తే వందమంది కనిపిస్తారు గాని, ఒక్కరితోనూ పది నిమిషాలు కూర్చునే తీరిక ఉండదు. ఇద్దరు దొరికినా చాలు, వారానికొకసారి ఒక ఇంట్లో మధ్యాహ్నం భోజనం పెట్టుకోండి. అమ్మతో వీడియో కాల్‌కు ఆయన ఆఫీసుకు బయల్దేరిన వెంటనే వేళ పెట్టుకుంటే ఇక్కడ ఇంకా రాత్రి భోజనాల వేళే ఉంటుంది. గర్భిణులు, బాలింతల మనసు బాగోలేనప్పుడు అక్కడ 1-833-852-6262కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు అక్కర్లేదు. దుబాసీ కావాలని ఇంగ్లిషులో ఒక్క మాట చెబితే ఏర్పాటు చేస్తారు.