సందేహం – సమాధానం: రాష్ట్రమా, ఎంటిటీయా?

సందేహం: బోస్నియా శాంతి ఒప్పందం గురించిన ఒక వ్యాసంలో రిపబ్లికా స్ర్పస్కాను ఒకచోట ‘సెర్బుల రాష్ట్రం’ అన్నారు, ఇంకోచోట ‘ఎంటిటీ’ అని వదిలేశారు. చక్కగా రాష్ట్రం అనే మాట ఉండగా ఈ ఇంగ్లిష్ ఎందుకు?

సమాధానం: ఇది బద్ధకంతో వదిలేసిన మాట కాదండి. మూడున్నరేళ్ల యుద్ధం తర్వాత 1995 నవంబరులో అమెరికాలోని డేటన్‌లో రాజీ కుదిరింది, డిసెంబరు 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. దేశం ఒకటే. లోపల బోస్నియాక్‌లు (బోస్నియా ముస్లింలు), క్రొయేట్‌ల ఫెడరేషన్‌కు 51 శాతం నేల, రిపబ్లికా స్ర్పస్కాకు 49 శాతం. ఈ భాగాలను రాజ్యాలంటే సరాయెవో (రాజధానిలోని కేంద్ర ప్రభుత్వం) ఒప్పుకోదు, ఉత్త ప్రాంతాలంటే సెర్బు నాయకులు ఒప్పుకోరు. ఎటూ తేల్చని మాట కాబట్టే ‘ఎంటిటీ’ ఇద్దరికీ సరిపోయింది. ‘అసలు డేటన్ ఒప్పందానికి తిరిగి వెళ్దాం’ అని సెర్బు నేతలు నేటికీ అంటుంటారు. ఆ అసలు ఏమిటన్న దగ్గరే తగాదా.

మన ‘రాష్ట్రం’ మాత్రం తేల్చేస్తుంది. వినగానే ఢిల్లీ కింద ఉన్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గుర్తొస్తాయి. 2014లో పార్లమెంటు ఒక్క చట్టంతో రాష్ట్రాన్ని విడదీసింది. సరాయెవో తన ఎంటిటీలను అలా చేయలేదు. పైగా అదే మాట ‘రాష్ట్రపతి’లో చేరితే దేశమంతా అనే అర్థం! రిపబ్లికా స్ర్పస్కాకు సొంత అధ్యక్షుడు కూడా ఉన్నాడు కాబట్టి గందరగోళం ఇంకా పెరుగుతుంది. మొదటిసారి ‘ఎంటిటీ (స్వపాలన ఉన్న భాగం)’ అని రాసి, ఆ తర్వాత ఎంటిటీ అనే వాడండి.

రెండు ఎంటిటీల మధ్య గీతను కూడా ఒప్పందం దేశాల మధ్య వాడే మాటతో పిలవలేదు. కాబట్టి ‘సరిహద్దు’ వద్దు, ‘హద్దు రేఖ’ చాలు.

‘ఇతరులు’ అన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. బోస్నియా రాజ్యాంగ పీఠికలో బోస్నియాక్‌లు, క్రొయేట్‌లు, సెర్బుల పక్కన బ్రాకెట్లలో ‘ఇతరులతో పాటు’ అని ఉంటుంది. ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలికి ఈ ఇతరులు పోటీ చేయలేరు. ఒక రోమా జాతి పౌరుడు, ఒక యూదు పౌరుడు వేసిన కేసులో ఇది వివక్షేనని 2009లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం తీర్పిచ్చింది. ఏళ్లు గడిచినా నిబంధన మారలేదు. కొందరు అనువాదకులకు ‘మైనారిటీలు’ అని సరిదిద్దాలనిపించవచ్చు. కానీ ఏ జాతీ చెప్పుకోకుండా ‘నేను బోస్నియా పౌరుణ్ణి’ అనేవాడూ ఇతరుల్లోనే పడతాడు. అతన్ని మైనారిటీ అంటే ఎలా కుదురుతుంది?