హాయిల్ పోతున్న బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసి, నువ్వు సదూ, అదే ఎడారి బద్దూ తెగల నేత, నేర్చుకోవడానికి సౌదీ పోతున్నావని, అదీ నేను పనిచేసిన హాయిల్ వైపేనని, రెండు నెలలు ఉంటావని చెప్పాడు. ఇక నిద్ర పట్టలేదు. మన వాడలో దుబాయి పోయినవాళ్లందరం మగ్గం వదిలేసి పోయినవాళ్లమే. అదే ఇంటి నుంచి ఒక ఆడపిల్ల మగ్గం కోసం అక్కడికి పోతుందంటే మీ తాత ఏమనేవాడో అనుకుంటూ చాలాసేపు కూర్చున్నా. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. అందుకే తెల్లారకముందే రాస్తున్నా.

వీసా, టికెట్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. 2018 నుంచి అక్కడ ఆడవాళ్లు కూడా బండి నడపొచ్చు కానీ ఇసుకలోకి ఒక్కదానివే పోకు. బండి దిగబడితే బండి దగ్గరే ఉండు. నీళ్లు అనుకున్నదానికి రెండింతలు పెట్టుకో.

నాకు అక్కడ అన్నిటికన్నా భయం వరదంటేనే. ఎడారిలో వరదేంటని నవ్వకు. వాదీ అంటే ఎండిన వాగు. మెత్తటి ఇసుక, తుమ్మచెట్ల నీడ చూసి కొత్తవాళ్లు అందులోనే పడుకుంటారు. ఎక్కడో కొండల్లో వాన పడితే, నీ నెత్తి మీద చుక్క పడకుండానే నీళ్లు వచ్చేస్తాయి. ఒక రాత్రి గట్టు మీద నిలబడి, కింద మేకల దొడ్డి కొట్టుకుపోతుంటే ఆ అరుపులు విన్నా, ఏమీ చెయ్యలేకపోయా. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున దక్షిణాన సుహైల్ చుక్క పొడుస్తుంది, మనం అగస్త్యుడు అనేది దాన్నే. అది కనబడగానే ఎండలు తగ్గుతాయని బద్దూలు సంబరపడతారు, ఇక వాగుని నమ్మొద్దని ముసలాళ్లు పిల్లలకు చెబుతారు. నువ్వు పోయేది అక్టోబర్‌లో. ఎవరు ఎంత చెప్పినా వాదీలో పడుకోనని నాకు మాటివ్వాలి.

నల్ల డేరాలు, ఒంటెల బారులు ఊహించుకుని పోయి, సిమెంటు ఇళ్లు, పికప్ బండ్లు చూసి మనసు చిన్నబుచ్చుకోకు. తిరిగే తెగలను ఒకచోట స్థిరపడమని సౌదీ మొదటి రాజు ఇబ్న్ సౌద్ 1910ల నుంచే ఊళ్లు కట్టించాడు. 1953లో ఏ తెగ మేత భూములు ఆ తెగవేనన్న పాత హక్కు రాజు ఫర్మానాతో పోయింది. ఆ తర్వాత లారీలొచ్చాయి. అంతకుముందు నీళ్లు వెతుక్కుంటూ మంద నడిచేది, మా రోజులకు మందను వెతుక్కుంటూ నీళ్లే ట్యాంకర్‌లో పోయేవి. ఆ ట్యాంకర్ నడిపినవాణ్ణి నేను, వాళ్ల బతుకు మారడంలో నా చెయ్యి కూడా ఉంది. ఇప్పుడు ఎక్కువమంది ఊళ్లల్లోనే ఉన్నా, ఎవరైనా మొదట చెప్పుకునేది తెగ పేరే. హాయిల్ చుట్టూ ఎక్కువగా షమ్మర్ వాళ్లు.

కాఫీ కుడిచేత్తో తీసుకో. కప్పు అడుగున కొంచమే పోస్తారు, అదే మర్యాద. నిండా పోశారంటే తాగి వెళ్లమని. చాలనుకుంటే ఖాళీ కప్పు కాస్త ఊపి ఇవ్వు. ఒంటెలెన్ని ఉన్నాయని అడక్కు. ఆడవాళ్ల ఫోటో అడగకుండా తీయకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా, ఇది మీ బాపుకు కూడా పూర్తిగా తెలియదు.

1989 చలికాలం. నఫూద్ ఎడారి ఎర్ర ఇసుక అంచున నా ట్యాంకర్ యాక్సిల్ విరిగింది. కనుచూపు మేరలో ఒక్కటే డేరా. ఆ ముసలాయన నా పేరు అడగలేదు, ఏ దేశమని అడగలేదు. నిప్పు దగ్గర కూర్చోబెట్టాడు, గింజలు వేయించి, దంచి, యాలకులేసి కాఫీ కాచాడు, రాత్రికి మేకను కోశాడు. మనకు కథల్లో తెలిసిన హాతింతాయిది ఆ ప్రాంతమే. అతిథులకు పెట్టడానికి ఏమీ లేక సొంత గుర్రాన్నే కోశాడట, వాళ్లు వచ్చింది ఆ గుర్రాన్ని అడగడానికేనని తెలియక. మెకానిక్ వచ్చేసరికి మూడు రోజులైంది. అన్ని రోజులూ నాకు అదే మర్యాద.

ఒకరి సొమ్ము ఉంచుకోవద్దని మీ తాత నేర్పాడు కదా. వెళ్తూ వెళ్తూ రెండొందల రియాళ్లు దిండు కింద పెట్టా. అప్పటి నా జీతంలో మూడో వంతు. మంచి పని చేశాననుకుని పాట పాడుకుంటూ పోతున్నా. వెనక నుంచి పికప్ వచ్చి అడ్డం ఆగింది. ముసలాయన కొడుకు దిగి, నోట్లు నా ఒళ్లో పెట్టి, నా సలాం కూడా తీసుకోకుండా తిరిగి వెళ్లిపోయాడు.

అక్కడ్నుంచి ఆ డేరాకి నీళ్లు తీసుకుపోయిన ప్రతిసారీ లెక్కగా డబ్బు చేతిలో పెట్టేవాళ్లు. కూర్చోమనేవాళ్లు కాదు. దూరంగా కాఫీ గింజలు దంచే చప్పుడు వినబడేది, రోలు మోగిందంటే చుట్టుపక్కల వాళ్లందరికీ పిలుపు అన్నట్టే. నేను మాత్రం పైపు చుట్టుకుని వచ్చేసేవాణ్ణి. ఆ ఎడారిలో ఇవాళ పెట్టినవాడు రేపు ఇంకొకరి డేరా ముందు దాహంతో నిలబడతాడు, అందుకే అన్నం అమ్ముకోరు. నేను ధర కట్టాను. ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

మరుసటి ఏడు సెలవుకొచ్చి, మీ తాత నేసిన దుప్పటి ఒకటి పట్టుకుపోయా. ముసలాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, డేరా మధ్యలో వేలాడే తెర మీది నుంచి అవతలికి అందించాడు. ఎవరు నేశారని ఒక ముసలి గొంతు అడిగింది. మా నాన్న అన్నా. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు, ఎందుకంటే వాళ్లలో నేత పూర్తిగా ఆడవాళ్ల పని, మగవాడు నేయడం ఏంటని. ముసలాయన కూడా నవ్వాడు. కాఫీ పోశాడు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. నెల తర్వాత తెర కింది నుంచి ఎర్రటి పట్టీ ఒకటి నా వైపుకి జరిగింది. మన ముందుగది గోడకున్నది అదే. నువ్వు అయిదేళ్లప్పుడు దాని మీద వేలు పెట్టి, ఇందులో పేక ఎటు పోయిందని అడిగావు, గుర్తుందా? సదూలో పడుగే పైకి కనబడుతుంది, పేక లోపల దాగుతుంది. నాకు అప్పటిదాకా అది తోచనే లేదు.

పదిహేడేళ్లు ఉన్నా తెర అవతలికి నేను పోలేదు, పోకూడదు కూడా. నేలలో మేకులు దిగ్గొట్టి పడుగు పరుస్తారని, మన అచ్చులాంటిదేమీ లేకుండా జింక కొమ్ముతో పేకను బిగిస్తారని, డేరా కదిలితే మగ్గాన్ని అలాగే చుట్టుకుని పోతారని విన్నదే. మేక వెంట్రుకల గుడ్డ తడిస్తే ఉబ్బి వానను ఆపుతుంది, అది మాత్రం కింద పడుకుని చూశా. 2020లో యునెస్కో జాబితాలో సదూ పేరెక్కినప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే సంబరపడ్డా. నిన్ను మొదటి రోజే ఆ తెర లోపలికి పిలుస్తారు బిడ్డా. పెన్నూ పుస్తకం వెంటనే తీయకు. ముందు వాళ్ల పక్కన కూర్చుని ఉన్ని వడుకు, చేతులు చూడు.

బీరువా కింది అరలో మీ తాత నేసిన దుప్పటి ఇంకొకటి ఉంది. దాని కండెలు చుట్టింది మీ బాపమ్మ. ఒక మూల నాలుగు పోగులు తెగితే ఆమే ముడేసింది, ఆ ముళ్లు కత్తిరించకు. బరువని చూడకుండా పట్టుకుపో. ఎవరికివ్వాలో అక్కడ నీకే తెలుస్తుంది. దిగగానే ఫోన్ చెయ్యి, మీ బాపుకన్నా ముందు నాకు.

నీ పెద్దబాపు