పరుగు మొదలుపెడుతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మారథాన్ శిక్షణలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. 42 కిలోమీటర్లు! నా గుండె ఉప్పొంగిందిరా. వెంటనే గుబులూ పట్టుకుంది. బూట్లు, నీళ్లు, నిద్ర సంగతి మీ కోచ్ చెప్తాడు. గజ్జల్లో దురద గురించి మాత్రం ఎవరూ చెప్పరు, నువ్వు అడగవు. నీ మొహమాటం నాకు తెలుసు.

ఒరుసుకుని మండితే నాలుగు రోజులు పరుగు ఆపితే తగ్గిపోతుంది. ఫంగస్ వల్ల వచ్చే తామర అలా తగ్గదు. తొడ మడతలో చిన్న మచ్చగా మొదలై తొడ లోపలివైపుకి పాకుతుంది. అంచు కాస్త ఉబ్బి పొలుసులు రేగి ఉంటుంది, నడుమ మాత్రం మానినట్టు కనిపిస్తుంది. ఎర్రగానే ఉంటుందనుకోకు, చామనఛాయ ఒంటిమీద గోధుమరంగులోనో నల్లగానో ఉండొచ్చు. వృషణాల మీదికి సాధారణంగా రాదు. అక్కడా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే అది వేరే రకం ఫంగస్ కావచ్చు. కాలివేళ్ల సందులు కూడా చూసుకో, చాలాసార్లు అక్కడి నుంచే పైకి వస్తుంది.

నాతో పరుగెత్తిన స్నేహితుడొకడు ఎవరికీ చెప్పుకోలేక, ఎవరో వాడి మిగిల్చిన క్రీమ్ రాసుకున్నాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. దురద ఇట్టే పోయింది, అంచు కూడా చెరిగిపోయింది. నయమైందని మురిసిపోయాడు పాపం. ఫంగస్ చావలేదు, స్టెరాయిడ్ దాన్ని కప్పిపెట్టిందంతే. క్రీమ్ ఆపగానే మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాడు. అలా నెలలు గడిచేసరికి పిరుదుల మీదికి, నడుము దాకా పాకింది. వలయం ఆనవాలు కూడా చెదిరిపోయి, చివరికి చూపించుకున్నప్పుడు డాక్టరే గుర్తుపట్టడానికి తంటాలు పడ్డాడు. తామర ఎలాగో తగ్గింది గానీ, చర్మం పలచబడి తొడల మీద పడిన చారలు అలాగే ఉండిపోయాయి. ఎంత చక్కగా పరుగెత్తేవాడో! ఆ ఏడాదంతా మైదానానికే రాలేదు. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి. ఇప్పటికీ ఆ కోపం పోలేదు నాకు.

క్లోబెటసాల్, బెటామెథాసోన్ అని స్టెరాయిడ్ పేర్లు ట్యూబు మీద కనిపిస్తే సొంతంగా ముట్టుకోకు. ఈ మాట వినకపోతే ఊరుకోను.

తడిబట్టలు వెంటనే మార్చు. తువ్వాలు ఎవరితోనూ పంచుకోకు. కాళ్లకు తామర ఉంటే ముందు సాక్సులు తొడుక్కుని, ఆ తర్వాతే లోదుస్తులు వేసుకో.

మచ్చ కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి నాన్నా, ఏ వేళైనా సరే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అంతకుముందు ఏదైనా రాసి ఉంటే ఆ ట్యూబు తీసుకెళ్లి చూపించు. మచ్చ పోయినట్టున్నా ఆయన చెప్పినన్నాళ్లూ మందు ఆపకు.

నీ మావయ్య