చర్చి పాటల ఫైళ్లు: తీసేసేలోగా ఏం దాచుకోవాలి?

ప్రశ్న: సర్, మా చర్చిలో క్వాయర్ బాధ్యత నాది. పాటల కార్డ్స్ (పాటతో కలిపి మోగించే స్వరాల గుంపులు), కీబోర్డే వాయించే మిడి ట్రాకులు, అయిదు గీతల స్టాఫ్ నొటేషన్ ఫైళ్లు ఏళ్లుగా ఒకే సైట్ నుంచి తెచ్చుకుంటున్నాం. క్రైస్తవ సంగీతకారుల కోసం పెట్టిన ఆ విభాగాన్ని నెలాఖరుకు ఆపేస్తారట. క్రిస్మస్ ప్రాక్టీస్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ కంగారు న్యాయమైనదే. డబ్బున్న పెద్ద చర్చిలు ట్రాకులు కొనుక్కుంటాయి. ఒక్క కీబోర్డుతో ఆరాధన నడిపే ఊరి సంఘాలకు ఇలాంటి ఉచిత వనరులే ఆధారం.

సాహిత్యం, కార్డ్స్ ఉన్న పేజీల చిరునామాలను వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ దగ్గర ఇవ్వండి. అయితే లాగిన్ అయితేనే దొరికే ఫైళ్లు అందులోకి చేరవు. వాటిని మీరే దించుకోవాలి, ఈ వారంలోనే మొదలుపెట్టండి.

దించుకోగానే పని అయిపోదు. అసలు చిక్కు స్టాఫ్ నొటేషన్‌తో వస్తుంది. ఫైల్ పేరు చివర ఎంయుఎస్ఎక్స్ (.musx) అని ఉంటే అది ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది. ముప్పై అయిదేళ్లు నడిచిన ఆ సాఫ్ట్‌వేర్‌ను మేక్‌మ్యూజిక్ కంపెనీ 2024 ఆగస్టులో ఆపేసింది, ఇక అప్‌డేట్లు రావు. కాబట్టి ఫినాలే ఇప్పటికీ పనిచేస్తున్న కంప్యూటర్ ఎవరి దగ్గరుందో వెతికి, ఆ ఫైళ్లను వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్లు కూడా చదవగల మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్‌లోకి మార్పించండి. దాన్ని ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. ప్రతి పాటకూ ఒక పీడీఎఫ్ కూడా తీయించండి. సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ వరసలు చెదరలేదని అందులో చూసి సరిపోల్చుకోవచ్చు.

తెలుగు సాహిత్యం అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి కళ్లతో చదివి చూడండి. కార్డ్స్‌ను మామూలు టెక్స్ట్‌లో, కార్డ్‌ప్రో పద్ధతిలో రాసుకోవడం నాకు బాగా నచ్చుతుంది. అక్షరం ముందు చదరపు బ్రాకెట్లో కార్డ్ పెడితే చాలు. పాడేవారి శ్రుతి మారినప్పుడు కార్డ్‌ప్రో చదివే యాప్ కార్డ్సన్నిటినీ తనే మార్చేస్తుంది.

మిడి ఫైళ్లు చాలా చిన్నవి, ఒక్క కంపెనీ కీబోర్డుకే పరిమితం కావు. రిథమ్ స్టైల్స్ (కీబోర్డు దానంతటదే వాయించే తాళం, నేపథ్యం) అలా కావు. యమహాకు చేసినది కోర్గ్‌లో నేరుగా నడవదు. ఫోల్డర్ పేరులోనే మోడల్ రాసి పెట్టండి.

హక్కుల సంగతి కూడా చూడాలి. నిజమైన మతపరమైన ఆరాధనలో పాట పాడటాన్ని, వాయించడాన్ని మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ తప్పుగా చూడదు. ట్రాకుల కాపీలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచడానికి ఆ మినహాయింపు వర్తించదు. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటిన రచనలకు ఈ ఇబ్బంది లేదు. 1890లో కన్నుమూసిన తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు అలాంటివే. వాటికి ఇప్పుడు ఎవరైనా చేసిన కొత్త రికార్డింగ్‌కు మాత్రం హక్కులు వేరుగా ఉంటాయి.

అందుకే నిర్వాహకులకు ఇవాళే ఒక మెయిల్ రాయండి. ఫైళ్లను మీ సంఘంలో దాచుకుని ఇతర చర్చిలకు ఇవ్వడానికి రాతపూర్వక అనుమతి అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఒక కాపీ చర్చి కంప్యూటర్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లో ఉండే హార్డ్ డిస్క్‌లో ఉంచి, ఆ మెయిల్‌ను కూడా వాటితోనే భద్రపరచండి.