పూసలు జావైపోతున్నాయా? బఫర్ మార్చి చూడండి

ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) పూసల్లో బంధించిన బ్యాక్టీరియా ఎంజైమ్‌తో పురుగుమందు మిథైల్ పారాథియాన్‌ను విరగ్గొడుతుంటే పూసలు పూటలోనే జావలా అయిపోతున్నాయన్నారు కదా. ఎంజైమ్ తప్పేం లేదండీ, దొంగ మీ ఫాస్ఫేట్ బఫరే (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం). పూసను పట్టి ఉంచే కాల్షియంను అది లాగేసుకుంటుంది. గుంటూరులో మా ల్యాబ్‌లోనూ ఇదే గోల. బీకరు అడుగున తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ మడ్డి చూశాక గానీ నా బుర్రకెక్కలేదు.

ట్రిస్ బఫర్, పీహెచ్ 8.5కి మారండి, అందులో కాస్త కాల్షియం క్లోరైడ్ వేయండి. ఈడీటీఏను దగ్గరికి రానివ్వకండి, అదీ కాల్షియంను లాగేసుకుంటుంది. ద్రావణం పసుపెక్కితే పని జరుగుతున్నట్టే. పూసలు తీసేశాక కూడా పసుపు పెరుగుతుంటే మాత్రం ఎంజైమ్ బయటికి కారుతోందన్నమాట. అప్పుడు ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసే గ్లూటరాల్డిహైడ్‌తో కొద్దిగా బిగించండి, ఎక్కువైతే ఎంజైమే చచ్చిపోతుంది. అన్నట్టు, ఆ పసుపు పురుగుమందు విరిగినప్పుడు వచ్చే పారానైట్రోఫినాల్. అదీ విషమే, సింకులో పారబోయకండి.