నల్లేరు పచ్చడి అల్లుడు గారి చేత చేయించు

తల్లీ,

మణికట్టు ఎముక చిట్లిందని విన్నప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. ముందు ఒకటి గట్టిగా చెప్తున్నా, డాక్టర్ విప్పమనేదాకా కట్టు విప్పకు, నల్లేరు తింటున్నాం కదా అని చెకప్ మానేయకు. మా అమ్మ ఎముక విరిగినవాళ్ళకి నల్లేరు పచ్చడి పెట్టేది, 1960ల్లో బనారస్ హిందూ యూనివర్సిటీలో డాక్టర్ ఉడుప వాళ్ళు జంతువుల మీద పరీక్షలు కూడా చేశారు, అయినా అది పక్కన తినేదే గానీ కట్టుకి బదులు కాదమ్మా.

మీ కాలనీ కంచె మీద తీగ ఉందన్నావు కదా, కాడ నాలుగు పలకలుగా ఉండి కణుపుల దగ్గర చిన్న ఆకులూ నులితీగలూ ఉంటే నల్లేరే. గిల్లితే తెల్లటి పాలు కారిందా, అది జెముడు, ముట్టుకోవద్దు, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

నీ చెయ్యి బాలేదు కాబట్టి పచ్చడి పని అల్లుడు గారికి అప్పజెప్పు. చివర రెండు మూడు లేత కణుపులే కోయమను, ముదురుది అంతా పీచు. చేతులకి నూనె పట్టించుకోవడం మర్చిపోవద్దని చెప్పు, పెళ్ళైన కొత్తలో నేను ఉత్త చేతుల్తో కోసి రాత్రంతా దురదతో నిద్రపోలేదు. అంచుల పీచు లాగేసి, చిన్న ముక్కలు కోసి, నూనెలో పచ్చదనం పోయి బాగా ముడుచుకునేదాకా సన్న సెగ మీద వేయించాలి, ఇక్కడ తొందరపడితే మాత్రం గొంతు గీరుతుంది. గుప్పెడు ముక్కలకి రెండు స్పూన్ల మినప్పప్పు, రెండు స్పూన్ల నువ్వులు, ఏడెనిమిది ఎండుమిర్చి, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, కొంచెం బెల్లం, చింతపండు తగ్గించొద్దు, దురదకి విరుగుడు అదే. వేడన్నంలో నెయ్యేసుకుని తిను.

మీ మామయ్యగారికి కిడ్నీలో రాళ్ళున్నాయి కదా, ఆయనకి పెట్టకండి. పచ్చి కాడ నూరి చేతికి కట్టమని ఎవరన్నా చెప్తే వినకు, చర్మం బొబ్బలెక్కుతుంది. ఆన్‌లైన్లో దొరికే నల్లేరు మాత్రలు డాక్టర్ని అడక్కుండా కొనకు.

తమ్ముడు ఆదివారం వస్తున్నాడు, రెండేసి కణుపులున్న ముక్కలు పేపర్లో చుట్టి పంపిస్తున్నా. ఒకరోజు నీడలో ఆరనిచ్చి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చు, నీళ్ళు మాత్రం ఎక్కువ పోయకు.

మీ పెద్దమ్మ